లావుపాటి అక్షరానికి నా వకాల్తా

మన రసజ్ఞులకు ఒక జబ్బుంది. పదిమందికీ నచ్చిందంటే చాలు, ఆ వస్తువులో ఏదో లోపం ఉందని తేల్చేస్తారు. చీరైనా అంతే, పాటైనా అంతే, నవలైనా అంతే. ఆఖరికి అచ్చులో అక్షరం కూడా ఆ తీర్పు తప్పించుకోలేకపోయింది.

‘కూపర్ బ్లాక్’ అనే ఇంగ్లీషు అక్షరాల పేరు మీరు విని ఉండకపోవచ్చు గానీ, చూసే ఉంటారు. నారింజరంగు మీద తెల్లగా కనిపించే ఈజీజెట్ విమానాల కంపెనీ పేరు ఆ అక్షరాలే. అప్పుడే పొంగిన పూరీల్లా బొద్దుగా ఉంటాయి. ఎక్కడా గుచ్చుకునే కొస ఉండదు. ‘ఓ’ లోపలి ఖాళీ మాత్రం చిన్నగా, భోజనం చేసి వాలుకుర్చీలో చేరగిలబడ్డ పెద్దాయనలా కాస్త వెనక్కి వాలి ఉంటుంది.

వీటిని గీసినవాడు ఆస్వాల్డ్ బ్రూస్ కూపర్. షికాగోలో ప్రకటనలకు అక్షరాలు రాసి బతికిన మనిషి. అక్కడే బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ అనే టైపు ఫౌండ్రీవారు 1922లో వీటిని పోతపోసి అమ్మారు. వ్యాపారస్తులు ఎగబడ్డారు. సంప్రదాయం తమ సొత్తనుకున్నవాళ్ళు మాత్రం ‘నల్ల ముప్పు’ అని పేరు పెట్టారు. కూపర్ ఏమన్నాడో తెలుసా? దూరం ఆలోచించే ప్రెస్సువాళ్ళకోసం, దూరం ఆనని వాళ్ళ ఖాతాదార్లకోసం చేశానన్నాడట!

ఆ మాటలో వేళాకోళం ఎంతో, నిజమూ అంతే. వీధి అవతలి మనిషికి కూడా ఆనాలనే కదా బోర్డు రాసేది! పైగా ఈ అక్షరాల పాదాలు గుండ్రం కాబట్టి, వరుసలో ఒకటి వెంట్రుకవాసి అటూ ఇటూ జరిగినా ఎబ్బెట్టుగా ఉండదు. సీసం పోయి ఫిలిం మీద కూర్పు వచ్చాక, అక్షరాలను ఒకదానికొకటి ఆనించి పేర్చే వీలు కలిగింది. 1966లో బీచ్ బాయ్స్ బృందం ‘పెట్ సౌండ్స్’ రికార్డు అట్ట మీద, పండగనాడు ఒకే గదిలో సర్దుకున్న చుట్టాల్లా ఇవి ఎలా ఒదిగి కూర్చున్నాయో చూడండి. కాగితం మీద రుద్ది దింపుకునే అక్షరాల షీట్లు కూడా వచ్చాయి. చిన్న దుకాణంవాడి చేతికీ అందాయి. అదే వాటి నేరమైపోయింది!

“గాంభీర్యం లేదండీ, బజారు అక్షరం” అంటారు. సన్నగా ఉంటేనే సంస్కారమా? నా నవల ఒకటి అచ్చుకు వెళ్ళినప్పుడు ఒక ప్రచురణకర్త నాకు బోధించారు: “ఇది సీరియస్ నవల కదమ్మా, సన్నటి అక్షరాలు వేద్దాం. బొద్దువి ఆడవాళ్ళ నవలలకు బావుంటాయి.” ఏం, రాసింది ఆడది కాదూ? చదివేవాళ్ళలో సగంమందికి పైగా ఆడవాళ్ళు కారూ? చివరికి బూడిదరంగు సన్నటి గీతలతో పేరు వేశారు. పుస్తకాల షాపులో రెండు బారల దూరం నుంచి చూస్తే అట్ట మీద పేరున్నట్టే తెలియదు. గాంభీర్యమంటే కనపడకపోవడమని అప్పుడు బోధపడింది.

లావు చేయడం తేలికనుకుంటారేమో! గుండ్రదనం పుట్టుకతో వచ్చిన మన తెలుగు అక్షరాలనే లావు చేసి చూడండి. గుడి లోపల ఖాళీ పూడిపోతుంది, కింద ఒత్తు ఊపిరాడక నలిగిపోతుంది. ఎక్కడ బలవాలో, ఎక్కడ సందు వదలాలో తెలిసినవాడే ఆ పని చేయగలడు.

అలాగని అన్నిచోట్లా అవే వేయమనను. కథంతా కూపర్ బ్లాక్‌లో అచ్చువేస్తే ఆ చిన్న ఖాళీలు సిరాతో నిండి కళ్ళు కాయలు కాస్తాయి. సంతాపసభ కార్డు మీద వేస్తే పోయినవారి ఆత్మ క్షోభిస్తుంది. అది ఎంచుకున్నవాడి బుద్ధి. పెళ్ళిలో సన్నాయి బాగుందని పరీక్ష హాల్లో వాయిస్తే తప్పు సన్నాయిదా?

ఇంతకీ ఈ రసజ్ఞులకు కోపం రావలసిన అక్షరం వేరే ఉంది. “సగం ధరకే!” అని గుమ్మడికాయంత రాసి, అడుగున చీమ తలంత గీతల్లో “షరతులు వర్తిస్తాయి” అంటారే, అదీ! బీమా కాగితం మీద, అప్పు పత్రం మీద, మందు సీసా మీద మనకు అసలు తెలియవలసినదంతా ఆ చీమల బారులోనే ఉంటుంది. అది చాలా సన్నగా, నాజూగ్గా ఉంటుంది. దాన్ని బజారు అక్షరమని ఒక్కరూ అనరేం?

లావుపాటి అక్షరం ఏం చెప్పినా నలుగురికీ వినపడేలా చెబుతుంది. నేను దాని పక్షమే.