క్రేను ఆగినా గాలి ఆగదు

సౌదీ అరేబియాలో మళ్ళీ క్రేనుల కాలం వచ్చింది. 2018లో ఆగిపోయిన జిద్దా టవరు పని 2025 జనవరిలో తిరిగి మొదలైంది. దానిని వెయ్యి మీటర్లకు మించి లేపాలన్నది సంకల్పం. 2034 ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పోటీలు కూడా ఆ దేశానికే దక్కాయి కనుక స్టేడియాలూ లేవాలి. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల, కడప ప్రాంతాల కార్మికులు దశాబ్దాలుగా గల్ఫ్ నిర్మాణ పనుల్లో వున్నారు. వారు పని చేసేది ఈ క్రేనుల నీడలోనే. జిద్దా టవరు కాంట్రాక్టు దక్కింది సౌదీ బిన్‌లాదిన్ గ్రూపుకు. 2015లో మక్కాలో హరం షరీఫ్‌పై కూలిన క్రేను కూడా ఆ సంస్థ పనుల్లోనిదే. పాత గాయాన్ని కెలకాలని కాదు గానీ, గాలిని కొలిచే ఒక చిన్న పరికరం గురించి మాట్లాడాలంటే ఆ రోజు నుంచే మొదలుపెట్టక తప్పదు.

అది 2015 సెప్టెంబరు 11, శుక్రవారం. హజ్‌కు ఇంకా పది రోజులు వుంది. లోకం నలుమూలల నుంచి వచ్చిన యాత్రికులతో మస్జిదె హరామ్ నిండి వుంది. మగ్రిబ్‌కు ముందు దుమ్ముగాలి లేచింది, ఉరుములతో వర్షం విరుచుకుపడింది. విస్తరణ పనుల కోసం నిలబెట్టిన లీబెర్ కంపెనీ భారీ క్రాలర్ క్రేను కూలి, దాని పొడవాటి బూమ్ మస్జిద్ కప్పును చీల్చుకుని జనం మీద పడింది. 111 మంది మరణించారు, 394 మంది గాయపడ్డారు. మృతుల్లో భారతీయులూ వున్నారు. రెండు వారాలు తిరగకుండానే, సెప్టెంబరు 24న మినాలో జరిగిన తొక్కిసలాటతో ఈ వార్త వెనక్కి వెళ్ళిపోయింది.

కాని విచారణ సంఘం కొద్ది రోజుల్లోనే తేల్చిన విషయాలు మరువదగినవి కావు. క్రేను తప్పుడు స్థితిలో వుండగా బలమైన గాలి వీయడమే ప్రధాన కారణమని అది చెప్పింది. పని లేనప్పుడూ, గాలి వీచేటప్పుడూ బూమ్‌ను దించి వుంచాలని తయారీదారు సూచనలున్నా పాటించలేదన్నది. వాతావరణ శాఖ హెచ్చరికలను సంస్థ భద్రతాధికారులు సరిగా అనుసరించలేదనీ, క్రేనును ఆపివేసేటప్పుడు గాలి వేగం కొలవలేదనీ, క్రేనుల స్థితిని సమీక్షించాలంటూ అధికారులు రాసిన లేఖలకు స్పందన లేదనీ కూడా పేర్కొన్నది. క్రేనును ఆపివేసేటప్పుడు కొలత లేకపోవడమన్న ఆ ఒక్క మాట మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది.

ఆ తర్వాత న్యాయస్థానాల కథ వేరే దారి పట్టింది. 2017 అక్టోబరులో మక్కా కోర్టు 13 మంది నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది. కుండపోత, ఉరుముల గాలివాన కారణమే తప్ప మానవ దోషం కాదన్నది. పై కోర్టులకూ కింది కోర్టులకూ మధ్య తిరిగి తిరిగి, చివరకు 2023లో సంస్థకు 2 కోట్ల రియాళ్ళ జరిమానా పడింది. గాలిదా తప్పు, మనిషిదా అన్న ప్రశ్నకు జవాబు రావడానికి ఏడేళ్ళకు పైగా పట్టిందన్నమాట. అంతా తక్‌దీర్ అని సరిపెట్టుకున్నవారూ లేకపోలేదు. ఒంటెను కట్టివేసి ఆపైన అల్లాహ్‌పై భారం వేయాలన్న ప్రవక్త (స) బోధను వారికి గుర్తు చేయడం తప్ప మేము చేయగలిగింది లేదు.

ఇక పరికరం సంగతి. గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. గంటకు 36 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 6 కిలోల ఒత్తిడి తెస్తే, 72 కిలోమీటర్ల గాలి 25 కిలోలు తెస్తుంది. చాలా టవర్ క్రేనులకు 72 కిలోమీటర్లే పని ఆపవలసిన హద్దు. 50 దగ్గర మొదటి హెచ్చరిక మోగేట్లు అమరుస్తారు. మొబైల్ క్రేనులకూ క్రాలర్ క్రేనులకూ బూమ్ పొడవును బట్టి హద్దు ఇంకా తక్కువ వుంటుంది. వాతావరణ కేంద్రాలు గాలిని 10 మీటర్ల ఎత్తున కొలుస్తాయి. అదే గాలి బహిరంగ మైదానంలో 100 మీటర్ల ఎత్తుకు పోయేసరికి సుమారు 40 శాతం ఎక్కువ వుంటుంది. కనుక రేడియోలో విన్న అంకెతోనో, నేల మీద నిలబడి చేత్తో పట్టుకునే మీటరుతోనో క్రేను నడపడం తగదు. మీటరు క్రేను మీద అన్నిటికన్నా ఎత్తైన చోట, గాలికి ఏ అడ్డూ లేకుండా వుండాలి. బూమ్ లేస్తూ దిగుతూ వుండే క్రేనులకైతే మీటరు ఎప్పుడూ నిటారుగా వేలాడే బ్రాకెట్ కావాలి.

తిరిగే గిన్నెల మీటరా, శబ్ద తరంగాలతో కొలిచే అల్ట్రాసోనిక్ మీటరా అని కొనేవారు తర్జనభర్జన పడుతుంటారు. గిన్నెలది చవక, గట్టిది. అయితే దుమ్ముకు బేరింగులు అరిగి, వున్న గాలి కంటే తక్కువ చూపుతుంది. రెండోదానికి తిరిగే భాగాలు లేవు, గాలి దిక్కు కూడా చెబుతుంది, ధర ఎక్కువ. మా దృష్టిలో ఈ తేడా చిన్నది. పది నిమిషాల సగటు కాక, 3 సెకన్ల విసురును పట్టి చూపుతుందా అన్నది ముందు అడగాలి. సగటు నెమ్మదిగా వున్నా ఆ ఒక్క విసురే క్రేనును పడగొట్టవచ్చు. వైరు తెగినా, వైర్‌లెస్ సిగ్నల్ పోయినా మీటరు సున్నా చూపుతుందా, అలారం మోగిస్తుందా? సున్నా చూపే మీటరు లేని మీటరు కంటే ప్రమాదకరం. అన్నిటికీ మించి, సాయంత్రం క్రేను కరెంటు కట్టేశాక కూడా సొంత బ్యాటరీతో కొలుస్తూ, ప్రతి నిమిషం లెక్క రాసిపెట్టుకుంటూ, ఖాళీ క్యాబిన్‌లో కాక మేలుకొని వున్న మనిషి ఫోనులో మోగేది కావాలి. రాసిపెట్టిన ఆ లెక్క రేపు కోర్టులో సాక్షి కూడా అవుతుంది.

మీటరు వున్నంత మాత్రాన సరిపోదనడానికి అమెరికాలోని రెండు ఘటనలు చాలు. 1999 జులై 14న మిల్వాకీ నగరంలో బేస్‌బాల్ స్టేడియం కప్పు భాగాన్ని, 450 టన్నులకు పైబడినదాన్ని, ఎత్తుతుండగా క్రేను కూలి ముగ్గురు కార్మికులు మరణించారు. క్రేనుకు తగిలే గాలిని లెక్కించారు గాని, తెరచాపలా పరుచుకున్న ఆ కప్పుకు తగిలే గాలిని లెక్కలో చేర్చలేదు. 2016 ఫిబ్రవరి 5న న్యూయార్క్‌లో గాలి పెరుగుతోందని ఒక క్రాలర్ క్రేను బూమ్‌ను దించుతూ వుండగానే అది వీధిలో పడి ఒకరు మరణించారు. భారీ బూమ్ నిమిషాల్లో దిగేది కాదు, దానికి జాగా కావాలి, సమయం కావాలి. అందుకే ఆ నగరం గాలి వచ్చాక కాక, గంటకు 20 మైళ్ళు దాటుతుందని ముందస్తు సూచన వుంటేనే క్రాలర్ క్రేనులను సర్దివేయాలని నిర్ణయించింది.

మన హైదరాబాదులో కోకాపేట, నానక్‌రామ్‌గూడ వైపు నలభై, యాభై అంతస్తుల భవనాలు లేస్తున్నాయి. భారత ప్రమాణాలు భవన నిర్మాణానికి గాలి వేగాన్ని హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు, విశాఖకు 50 మీటర్లుగా లెక్కించమంటున్నాయి. అంటే గంటకు దాదాపు 158, 180 కిలోమీటర్లు. విశాఖలో తుపాను రెండు రోజుల ముందే కబురు పంపి వస్తుంది. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల ఈదురుగాలి మధ్యాహ్నం ఎండలో పుట్టి సాయంత్రానికి మీద పడుతుంది. అసలు గండం ఇదే. నిర్మాణ కార్మికులకు 1996లో చట్టం, 1998లో నిబంధనలు వచ్చాయి. క్రేనులకు తనిఖీ పత్రాలూ వున్నాయి. కాని పని ముగిశాక టవర్ క్రేను చేయి గాలివాలుకు స్వేచ్ఛగా తిరిగేలా బ్రేకు వదిలారా లేదా అన్నది ఏ రోజుకా రోజు చూడవలసిన సంగతి.

మీటరు కొనే యజమానులు బిల్లుతోపాటు మరొక కాగితం కూడా తయారు చేయాలని మేము కోరుతున్నాము. రాత్రి అలారం మోగితే ఎవరి ఫోనుకు పోతుంది, పై అధికారిని అడగకుండా బూమ్ దించమని ఆజ్ఞ ఇచ్చే అధికారం ఎవరిది, జుమా రోజున, పండుగ సెలవున ఆ మనిషికి బదులు ఎవరు అన్నది అందులో పేర్లతో రాసి వుండాలి. గల్ఫ్‌లో వున్న మన సోదరులు తమ సైటులో ఆ కాగితం ఎక్కడ అంటించారో ఒకసారి చూడాలి.