కడుపులోని కాపురస్థులు



గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు తోడు వేస్తే తెల్లవారేసరికి గిన్నెడు పెరుగు అవుతుంది. ఇది మీరు రోజూ చూసేదే. కాని అదే తోడు సలసల కాగే పాలలో వేస్తే ఏమవుతుంది? ఈ ఆదివారం అమ్మనో నాన్ననో దగ్గర ఉంచుకొని చేసి చూడండి. ఒక గిన్నెలో గోరువెచ్చని పాలు, మరొక గిన్నెలో కాగుతున్న పాలు పోయించి, రెంటిలోనూ సమంగా తోడు వేయించండి. మర్నాడు మొదటి గిన్నెలో గట్టి పెరుగు ఉంటుంది. రెండవది సరిగా తోడుకోదు.

కారణం ఏమిటి? తోడు ప్రాణమున్న వస్తువు. అందులో కంటికి కనిపించని సూక్ష్మజీవులు కోట్లకొలది ఉన్నవి. అవి పాలలోని చక్కెరను తిని పులుపు పుట్టిస్తవి. వేడికి అవి చచ్చిపోతే ఇక పని చేసేది ఎవరు?

ఇటువంటి సూక్ష్మజీవులే మన కడుపులో, ముఖ్యంగా పెద్ద పేగులో, కాపురం ఉన్నవి. 2016 లో శాస్త్రజ్ఞులు వేసిన లెక్క ప్రకారం ఒక మనిషి ఒంటిలో ఉండే బాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు. అన్నిటినీ కలిపి తూచినా బరువు సుమారు 200 గ్రాములే!

ఈ కాపురస్థులు అద్దె ఇవ్వకుండా ఉండేవారు కారు. పప్పులలో, కూరగాయలలో, పండ్లలో ఉండే పీచు మన చిన్న పేగులో అరగదు. అది పెద్ద పేగుకు చేరగానే వీటికి విందు. పీచును పులియబెట్టి ఇవి కొన్ని ఆమ్లాలు తయారు చేస్తవి. వాటిలో బ్యూటిరేట్ అనేది పెద్ద పేగు లోపలి పొరకు ముఖ్యమైన ఆహారం. అలసందల గుగ్గిళ్ళు ఎక్కువగా తిన్ననాడు కడుపులో వినిపించే గడబిడ చాలావరకు ఈ వంటశాల చప్పుడే!

ఇప్పుడు మందుల కొట్లలో ప్రొబయోటిక్ అనీ, ప్రీబయోటిక్ అనీ గుళికలు, పొడులు అమ్ముతున్నారు. మొదటిది మేలుచేసే సూక్ష్మజీవులు. రెండవది వాటికి మేత. ఒకటి ఆవును కొనడం, మరొకటి గడ్డి కొనడం అనుకోండి. ఈ ఆలోచన పాతదే. 1908 లో నోబెల్ బహుమానం పొందిన మెచ్నికాఫ్ అనే శాస్త్రజ్ఞుడు, పులిసిన పాలు తాగితే ఆయుర్దాయం పెరుగుతుందని నమ్మి, తానూ తాగేవాడు. ఆయన 1916 లో తన 71వ ఏట మరణించాడు. నమ్మడం వేరు, రుజువు కావడం వేరు.

ఈ జీవులకూ ఒంటి లావుకూ సంబంధం ఉన్నదా? ఉన్నది. 2013 లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో, జెఫ్రీ గోర్డన్ బృందం ఒక వింత ప్రయోగం ప్రకటించింది. వారు నాలుగు జతల కవలలను ఎన్నుకున్నారు. ప్రతి జతలోనూ ఒకరు లావు, ఒకరు సన్నం. వారి పేగులలోని జీవులను, ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన చుంచెలుకలకు ఇచ్చారు. లావు మనిషి జీవులు పొందిన చుంచులకు కొవ్వు ఎక్కువ పెరిగింది!

తరువాత రెండు రకాల చుంచులనూ ఒకే బోనులో ఉంచారు. చుంచులు ఒకదాని పెంట ఒకటి తింటవి. (నవ్వకండి, శాస్త్రానికి అదే ఉపకరించింది.) అలా సన్నవాటి జీవులు లావువాటి పేగులలోకి ప్రవేశించినవి. వాటికి కొవ్వు పెరగడం ఆగింది. అయితే, కొవ్వు తక్కువగా, పండ్లూ కూరలూ ఎక్కువగా ఉన్న మేత పెట్టినప్పుడే అలా జరిగింది. కొవ్వు ఎక్కువగా, పీచు తక్కువగా ఉన్న మేత పెడితే మంచి జీవులు అక్కడ నిలవలేదు. గడ్డి లేని చోట ఆవును కట్టి ఏం లాభం?

పెద్దలకు ఒక మాట. చుంచులలో కనబడినది మనుషులలో అంత తేలికగా కనబడలేదు. గుళికలు మింగినవారి బరువు తగ్గితే కొద్దిగానే తగ్గింది. పరీక్షల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు. కనుక పిల్లల లావు తగ్గిస్తుందన్న మాట విని డబ్బు పోయకండి. ప్రొబయోటిక్ లు అసలే పనికిరావని కాదు. యాంటీబయోటిక్ మందులు వాడేటప్పుడు విరేచనాలు పట్టకుండా కొన్ని రకాలు సాయపడతవి. ఏ రకం, ఎవరికి అన్నది వైద్యుడు చెప్పాలి. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకూ, జబ్బుతో బాగా నీరసించినవారికీ సొంతంగా ఇస్తే ప్రమాదం. సీసాలలో వచ్చే పానీయాలకు చీటీ చదవండి. సీసాకు 12 గ్రాముల చక్కెర ఉంటే నెల రోజులకు ఎంత? 360 గ్రాములు!

పిల్లలూ, తరగతిలో కాస్త లావుగా ఉన్నవారిని బొండాం అనీ, లడ్డూ అనీ ఏడిపిస్తారు. అది తప్పు. ఒంటి లావుకు తిండి ఒక్కటే కారణం కాదు. పుట్టుక, నిద్ర, ఆట, ఇంట్లో దొరికే ఆహారం, ఒక్కొక్కప్పుడు జబ్బు, ఇవన్నీ కలుస్తవి. లావుగా ఉన్నవారు పస్తులుండనూ కూడదు. వైద్యునికి చూపించుకొని, అందరితోపాటు ఆడుకుంటే చాలు. ఆటకు పిలవవలసింది మీరే.

మరి మన కాపురస్థులకు ఏం పెట్టాలి? కందిపప్పు, పెసలు, శనగలు, ఉల్లి, వెల్లుల్లి, ఆకుకూరలు, అరటిపండు, జొన్నరొట్టె. ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా పెంచాలి. మంచినీళ్ళు బాగా తాగాలి. పెరుగూ మజ్జిగా మంచివే. మజ్జిగ పులుసు మరిగిస్తే అందులోని జీవులు మాత్రం బతకవు. ఎందుకో ఆదివారం గిన్నెలు మీకు చెబుతవి!

ఈ నెల మీకొక పని. ఏడు రోజులపాటు మీరు తిన్న పప్పులు, కూరలు, పండ్లు ఎన్ని రకాలో పుస్తకంలో రాయండి. మరుసటి వారం ఇంకొక రెండు రకాలు కలపండి. మీ కాపురస్థులు చప్పట్లు కొట్టలేరు గాని, సంతోషిస్తారు.