హ్యూస్టన్ తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ: జోన్ ఎక్స్ అంటే నీళ్లు రావని కాదు



మన ఉగాది, సంక్రాంతి వేడుకల్లో పెద్ద బ్యానర్లు ఎవరివో మీకు తెలియనిది కాదు. ఇళ్లు కట్టేవాళ్లవి, అమ్మిపెట్టేవాళ్లవి. సంఘం నడవాలంటే స్పాన్సర్లు కావాలి, అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కాకపోతే ఆ స్టాళ్ల దగ్గర ఏళ్ల తరబడి ఒకే మాట వినిపిస్తోంది: "ఇది ఫ్లడ్ జోన్ కాదండీ, ఇన్సూరెన్స్ అక్కర్లేదు." మొదటి సగం నిజమే కావచ్చు. రెండో సగం మాత్రం హారిస్ కౌంటీలో చెప్పకూడని మాట. దాన్ని మన వేదికల మీద ఇక చెప్పనివ్వొద్దని అడగడానికే ఈ లేఖ.

2017 ఆగస్టులో హార్వే తుపాను నాలుగు రోజులు ఇక్కడే తిష్ట వేసింది. హారిస్ కౌంటీలో దాదాపు 1,54,000 ఇళ్లలోకి నీళ్లొచ్చాయని కౌంటీ వరద నియంత్రణ విభాగం లెక్క తేల్చింది. అందులో మూడింట రెండు వంతులు ఫెడరల్ విపత్తు నిర్వహణ సంస్థ ఫెమా మ్యాపులో 'వందేళ్ల వరద' గీతకు బయట ఉన్న ఇళ్లే. మునిగినవాటిలో 64 శాతం ఇళ్లకు ఫ్లడ్ ఇన్సూరెన్స్ లేదు. నీళ్లు తీశాక చాలా వీధుల్లో ఒకటే దృశ్యం: నడుమెత్తు దాకా కోసి పారేసిన షీట్‌రాక్, తడిసి బరువెక్కిన కార్పెట్లు, ఉబ్బి పెచ్చులూడిన చెక్క బీరువాలు రోడ్డు పక్కన గుట్టలు గుట్టలుగా.

గీత బయట ఉన్న ఇల్లు ఎందుకు మునుగుతుంది? ఆ గీత అసలు దేనికోసం గీశారో చూస్తే తెలుస్తుంది. ఫెడరల్ అండ ఉన్న లోన్ తీసుకుని, గీత లోపల, అంటే ఏడాదికి కనీసం 1 శాతం మునిగే అవకాశం ఉన్న చోట ఇల్లు కొంటే ఇన్సూరెన్స్ తప్పనిసరి. 1973 చట్టం పెట్టిన షరతు అది. గీత బయట, అంటే జోన్ ఎక్స్‌లో ఉంటే చట్టం పట్టుబట్టదు, అంతవరకే దాని అర్థం. పైగా ఆ 1 శాతం ఒక్క ఏడాదికి. సరిగ్గా గీత అంచున ఉన్న ఇల్లు 30 ఏళ్ల లోన్ తీరేలోపు కనీసం ఒకసారి మునిగే అవకాశం 26 శాతం, అంటే నాలుగింట ఒక వంతు.

ఇక మ్యాపు ముఖ్యంగా చూసేది బయూలు, క్రీకులు పొంగితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో, తీరంలో ఉప్పెన ఎంత లోపలికి తోసుకొస్తుందో. వీధి డ్రెయిన్లు మింగలేక గుమ్మం ఎక్కే వాన నీళ్లు చాలావరకు ఆ లెక్కలోకి రావు. మనదేమో బల్లపరుపు నేల, నీళ్లు ఇంకనివ్వని బంకమట్టి. దానికితోడు వాన లెక్కలే మారిపోయాయి. 'వందేళ్ల వాన' అంటే ఒక్క రోజులో 13 అంగుళాల దాకా అనుకునేవారు. జాతీయ సముద్ర, వాతావరణ సంస్థ నోవా 2018లో మళ్లీ లెక్కగట్టి దాన్ని కొన్నిచోట్ల 18 అంగుళాల దగ్గరికి పెంచింది.

కేటీ వైపు సంగతి ఇంకా చిత్రం. అక్కడి ఆడిక్స్, బార్కర్ రిజర్వాయర్లను 1940లలో సైన్యపు ఇంజనీర్లు కట్టారు. రిజర్వాయర్ నిండితే మునిగే నేలంతా ప్రభుత్వం కొనలేదు. కొనని చోట కాలనీలు లేచాయి. హార్వేలో ఆ ఇళ్లు మునిగాయి. అలా మునిగిన ఇళ్లలో చాలావాటికి ఫెమా మ్యాపులో ఏ హెచ్చరికా లేదు.

ఇల్లు కొనేముందు తూర్పు ముఖమా, ఈశాన్యం పెరిగిందా, వీధిపోటు ఉందా అని వారాల తరబడి చూసే జాతి మనది. ఆ ఇల్లు రిజర్వాయర్ ముంపులో ఉందా అని అడిగేవాళ్లు ఎందరు? టెక్సస్‌లో 2019 సెప్టెంబరు నుంచి పాత ఇల్లు అమ్మేవాళ్లు గతంలో నీళ్లొచ్చాయా, రిజర్వాయర్ పరిధిలో ఉందా అన్నది రాసివ్వాలి. ఎవరూ కాపురం చేయని సరికొత్త ఇంటికి ఆ ఫారం అక్కర్లేదు. మనవాళ్లు ఎగబడి కొనేది కొత్త ఇళ్లే. అంటే అడగాల్సిన బాధ్యత పూర్తిగా కొనేవాళ్ల మీదే పడుతుంది.

"మునిగితే ఫెమా ఇస్తుంది కదా" అంటారు కొందరు. ఇది సంఘాలు మరీ గట్టిగా చెప్పాల్సిన సంగతి. ఫెమా నేరుగా ఇచ్చే నగదు సాయానికి హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లు అర్హులు కారు. ఇంట్లో అమెరికా పౌరులైన పిల్లలుంటే వాళ్ల తరఫున దరఖాస్తు పెట్టుకోవచ్చు. గ్రీన్‌కార్డు కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూస్తూ, ఈలోపు ఇల్లు కొనుక్కుని వాయిదాలు కడుతున్న కుటుంబాలు మనలో ఎన్నో మీకే ఎక్కువ తెలుసు. ఫ్లడ్ పాలసీ అమ్మేటప్పుడు మాత్రం వీసా సంగతి ఎవరూ అడగరు.

మామూలు హోమ్ ఇన్సూరెన్స్ వరదకు పైసా ఇవ్వదు. 1968లో మొదలైన జాతీయ ఫ్లడ్ ఇన్సూరెన్స్ పథకం ఇంటికి 2,50,000 డాలర్ల దాకా, సామాన్లకు 1,00,000 డాలర్ల దాకా ఇస్తుంది. సామాన్ల కవరేజీ విడిగా అడిగి తీసుకోవాలి. అపార్ట్‌మెంట్‌లో అద్దెకుండేవాళ్లు, విద్యార్థులు సామాన్లకు మాత్రమే కూడా తీసుకోవచ్చు. ఇల్లు బాగయ్యేదాకా బయట ఉండే అద్దె ఇందులో రాదు. కారు కూడా రాదు, దానికి ఆటో పాలసీలో కాంప్రహెన్సివ్ ఉండాలి. 2021 నుంచి ప్రీమియం జోన్‌ను బట్టి కాక, ఆ ఇంటి ఎత్తు, నీటికి ఉన్న దూరం, మళ్లీ కట్టడానికయ్యే ఖర్చును బట్టి తేలుస్తున్నారు. అందుకే పక్కింటివాళ్లు చెప్పిన రేటు నమ్ముకోకుండా మన చిరునామాకు ఎంతవుతుందో కనుక్కోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, మామూలుగా పాలసీ కొన్న 30 రోజులకు గానీ అమల్లోకి రాదు. గల్ఫ్‌లో తుపాను పుట్టిందని టీవీలో చూసి ఏజెంటుకు ఫోన్ చేస్తే ఆ తుపానుకు అది పనికిరాదు. లోన్ తీసుకుని ఇల్లు కొంటూ క్లోజింగ్‌తో పాటే తీసుకుంటే ఈ గడువు ఉండదు.

కాబట్టి మీకు నా విన్నపాలు మూడు. ట్యాక్స్ సెమినార్లు, ఇమిగ్రేషన్ సెమినార్లు పెట్టినట్టే ఏటా ఏప్రిల్‌లో ఫ్లడ్ ఇన్సూరెన్స్ మీద తెలుగులో ఒక సదస్సు పెట్టండి. హరికేన్ సీజన్ జూన్ 1న మొదలవుతుంది కాబట్టి అంతకన్నా ఆలస్యమైతే లాభం లేదు. ఆ సదస్సుకు పాలసీలు అమ్మేవాళ్లను మాత్రమే కాక, కౌంటీ వరద నియంత్రణ విభాగం వాళ్లను కూడా పిలవండి. ఇక మూడోది, ఇళ్లమ్మే స్పాన్సర్లతో రాసుకునే ఒప్పందంలో ఒక షరతు చేర్చండి: అమ్మే ప్రతి ఇంటికీ ఫ్లడ్ మ్యాపు, రిజర్వాయర్ పరిధి వివరాలు స్టాల్‌లో కనబడేలా పెట్టాలి, "ఇన్సూరెన్స్ అక్కర్లేదు" అన్న మాట ఎవరూ అనకూడదు. ఈ షరతుకు ఒప్పుకోని స్పాన్సర్ మనకు అవసరం లేదు.

హాలు, తేదీ మీరు ప్రకటించండి. జనాన్ని తీసుకొచ్చే పూచీ మాలాంటి సభ్యులది.

ఇట్లు,
సైప్రెస్‌లో ఉంటున్న ఒక సంఘ సభ్యుడు