కన్ను ఒక అమానతు: లేజర్ చికిత్సకు ముందు, తరువాత



గత సంవత్సరం షాబాన్ మాసంలో ఒకనాటి ఇషా నమాజు తరువాత, ఎమ్మిగనూరులో పరుపులు కుట్టి జీవించే ఒక సోదరుడు తన కుమార్తెతో మా వద్దకు వచ్చారు. అమ్మాయికి 19 సంవత్సరాలు. చిన్ననాటి నుండీ సైటు ఉన్నది. ఆదోని నుండి ఒక సంబంధం వచ్చింది. ఆ తండ్రి కాసేపు తటపటాయించి, "మౌలానా సాబ్, అబ్బాయి తరఫువాళ్ళు ఫోటోలో పిల్లను కళ్ళజోడు లేకుండానే చూశారు. నిఖా లోపల లేజర్ చేయిస్తే ఇక ఆ మాటే రాదు కదా! ఇది జాయిజేనా?" అని అడిగారు. అమ్మాయి తల వంచుకుని మౌనంగా కూర్చున్నది.

ఈ ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పడానికి మేము సాహసించలేదు. దానికి కారణమున్నది. కొన్నేళ్ళ క్రితం ఇటువంటి ప్రశ్నే ఒక యువకుడు అడిగినప్పుడు, మేము పుస్తకం తెరవకుండానే, "ఇది అల్లాహ్ సృష్టిని మార్చడం, వద్దు" అని చెప్పి పంపించాము. అనంతరం ధర్మశాస్త్ర గ్రంథాలు చూసి, మాకన్నా విద్వాంసులైన ముఫ్తీ సాహెబులను అడిగి తెలుసుకుంటే మా మాట తొందరపాటు అని తేలింది. ఆ యువకుని ఇంటికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాము. తెలియని విషయంలో ఫత్వా ఇవ్వడమంటే ఇతరుల భారాన్ని మన మెడకు కట్టుకోవడమే. అందువల్ల ఈసారి ఆ తండ్రిని రెండు రోజుల గడువు అడిగాము. ఆ రెండు రోజులలోను, ఆ తరువాత ఒక సంవత్సర కాలంలోను మేము తెలుసుకున్నది ఈ నెల పాఠకుల ముందు ఉంచుతున్నాము.

మొదట ధర్మం విషయం. యుద్ధంలో ముక్కు కోల్పోయిన హజ్రత్ అర్ఫజా (రజి) వెండి ముక్కు అమర్చుకోగా అది దుర్వాసన వచ్చింది. అప్పుడు పురుషులకు నిషిద్ధమైన బంగారంతోనే ముక్కు చేయించుకోవడానికి దైవప్రవక్త (స) ఆయనకు అనుమతించారు. లోపాన్ని సరిచేయడం వేరు, ఉన్న రూపంతో తృప్తి చెందక అలంకారం కోసం మార్చుకోవడం వేరు అని ధర్మవేత్తలు దీనినుండి గ్రహించారు. దూరపు వస్తువు కనబడకపోవడం లోపమే. కనుక దానికి చికిత్స చేయించుకోవడం అనుమతించబడినదే. అయితే కళ్ళజోడుతో పని జరుగుతున్నంతవరకు ఇది తప్పనిసరి అవసరం కాదు. కాబట్టి దీనికోసం వడ్డీ అప్పు చేయడానికి మాత్రం అనుమతి లేదు.

ఇక 'లేజర్' అనే మాట సంగతి. మన ప్రాంతంలో కంటికి జరిగే ప్రతి ఆపరేషన్‌నూ లేజర్ అనే పిలుస్తున్నారు. వృద్ధులకు శుక్లం తీసే ఆపరేషన్ సాధారణంగా లేజర్‌తో కాదు, అల్ట్రాసౌండ్ తరంగాలతో శుక్లాన్ని ముక్కలు చేసి తీసేది. ఆ ఆపరేషన్ అయిన కొన్ని నెలలకో, సంవత్సరాలకో, అమర్చిన కటకం వెనుక పొర మసకబారితే దానిని కొద్ది నిమిషాలలో తొలగించేది ఒక రకం లేజర్. చక్కెర వ్యాధివల్ల రెటీనా దెబ్బతిన్నప్పుడు ఉన్న చూపును నిలబెట్టడానికి చేసేది మరొక రకం. కళ్ళజోడు అవసరం తగ్గించడానికి చేసేది ఇంకొక రకం. పొరుగువారికి ఒక రకం చేశారని విని మనం మరొక రకం అడగడం వల్ల ఎంతో గందరగోళం కలుగుతున్నది. ఆసుపత్రికి వెళ్ళినప్పుడు, "నాకు చేయబోయేది ఏ లేజర్? ఎందుకోసం?" అని అడగడం రోగి హక్కు.

కళ్ళజోడు కోసం చేసే చికిత్సలో ఎక్సైమర్ అనే అతినీలలోహిత లేజర్‌ను వాడుతారు. మన దేశంలో జన్మించిన రసాయన శాస్త్రవేత్త రంగస్వామి శ్రీనివాసన్, ఆయన సహచరులు 1981లో అమెరికాలోని ఐబీఎం ప్రయోగశాలలో, ఈ కిరణం చుట్టుపక్కల భాగాన్ని కాల్చకుండా జీవకణజాలాన్ని అతి సన్నగా తొలగించగలదని కనుగొన్నారు. అంతకు సుమారు 1,000 సంవత్సరాల పూర్వమే ఇబ్నుల్ హైసమ్ తన 'కితాబుల్ మనాజిర్'లో, చూపు కంటినుండి బయటికి పోయేది కాదనీ, వస్తువునుండి వచ్చే వెలుగు కంటిలో ప్రవేశించడం వల్లనే మనకు కనబడుతుందనీ వివరించారు. ఆ వెలుగు మొదట దాటవలసిన పారదర్శక పొరే కార్నియా. లేజర్ దాని వంపును మారుస్తుంది.

ఆ పొర మందం సగటున 540 మైక్రాన్లు, అంటే సుమారు అర మిల్లీమీటరు మాత్రమే. లాసిక్ పద్ధతిలో పైభాగాన్ని పలుచని మూతలా లేపి, దాని కింద లేజర్‌తో కొంత తొలగించి, మూతను మళ్ళీ యథాస్థానంలో పరుస్తారు. అడుగున కనీసం 250 మైక్రాన్లు మిగలాలన్నది వైద్యులు పాటించే హద్దు. సైటు ఎంత ఎక్కువైతే అంత ఎక్కువ తొలగించాలి. మన ఊరు నేతకారుల ఊరు. కత్తిరించిన గుడ్డను మళ్ళీ మగ్గం మీద పెట్టలేమని ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు. కార్నియా సంగతీ అంతే.

అందువల్ల ఆపరేషన్ కన్నా దానికి ముందు జరిగే పరీక్షలే ముఖ్యమైనవి. వయస్సు 18 దాటి ఉండాలి. కనీసం ఒక సంవత్సరం పాటు సైటు మారకుండా నిలిచి ఉండాలి. కార్నియా మందాన్ని కొలవాలి, దాని ఆకారాన్ని పటంగా తీయాలి. కొందరిలో కార్నియా పలుచబడి శంకువులా ముందుకు ఉబికే కెరటోకోనస్ అనే వ్యాధి దాగి ఉంటుంది. అటువంటి కంటికి లాసిక్ చేస్తే చూపు మరింత చెడుతుంది. కళ్ళు అదేపనిగా నులుముకునే అలవాటుకు ఈ వ్యాధితో సంబంధమున్నదని వైద్యులు చెబుతారు. ప్రత్తి దుమ్ములో పనిచేసేవారూ, కళ్ళ దురద ఉన్న పిల్లల తల్లిదండ్రులూ ఈ మాట గుర్తుంచుకోవాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వేచి ఉండాలి. కళ్ళు పొడిబారే జబ్బు, అదుపులో లేని చక్కెర వ్యాధి, కీళ్ళవాతం వంటివి ఉంటే దాచకుండా చెప్పాలి. కాంటాక్ట్ లెన్సులు వాడేవారు పరీక్షలకు ముందే వాటిని మానాలి. మెత్తనివైతే ఒకటి రెండు వారాలు, గట్టివైతే అంతకన్నా ఎక్కువ కాలం. లేనిచో కొలతలు తప్పుతాయి.

మేము ఆ తండ్రికి రెండు రోజుల తరువాత చెప్పినది ఇదే: "చికిత్స అనుమతించబడినదే. కానీ నిఖా తేదీని చూసి కంటికి ముహూర్తం పెట్టకండి. మరొక మాట. అమ్మాయికి సైటు ఉన్నదని అబ్బాయి తరఫువారికి ముందే తెలియజేయండి." బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి, లోపల తడి తగలగానే, ఆ తడిని పైకి కనబడేలా ఎందుకు ఉంచలేదని దైవప్రవక్త (స) వర్తకుణ్ణి ప్రశ్నించిన సంగతి ఆయనకు గుర్తు చేశాము. ధాన్యం విషయంలోనే దాపరికం కూడనప్పుడు, జీవితకాలపు బంధం విషయంలో ఎలా తగును? పైగా లేజర్ చేయించినా ఎక్కువ సైటు ఉన్న కంటి రెటీనాకు ఉండే ప్రమాదం తొలగిపోదు. పుట్టబోయే పిల్లలకు సైటు వచ్చే అవకాశమూ తొలగిపోదు. మారేది కంటి ముందు పొర మాత్రమే.

హైదరాబాదులో పరీక్షలు చేయించారు. పాత చీటీతో పోల్చి చూస్తే ఒక్క సంవత్సరంలోనే అమ్మాయి సైటు పెరిగినట్లు తేలింది. వైద్యులు ఇప్పుడే వద్దన్నారు. తండ్రి ఆదోనివారికి నిజం చెప్పారు. ఆ సంబంధం తప్పిపోయింది. ఆయన చాలా బాధపడ్డారు. సలహా ఇచ్చినవారము గనుక మాకూ బాధ కలిగింది. అమ్మాయి మాత్రం, "ఇప్పుడు పోయిన సంబంధమే నయం అబ్బా, తరువాత పోతే ఏం చేసేవాళ్ళం?" అన్నదట. ఆ బిడ్డ వివేకానికి అల్లాహ్ మేలు చేయుగాక!

సంవత్సరం తరువాత సైటు నిలిచి ఉన్నదని తేలి, కార్నియా మందం కూడా సరిపోవడంతో, ఈసారి ఎవరి కోసమో కాక తన ఇష్టంతోనే ఆ అమ్మాయి చికిత్స చేయించుకున్నది. ఆమె అనుభవం వైద్యులు చెప్పేదానితో సరిపోయింది. ఆ రోజు అత్తరు, సుర్మా, కాటుక ఏవీ వాడవద్దన్నారు. అత్తరు ఆవిరి లేజర్ పనికి ఆటంకం కలిగిస్తుంది. సూది మందు లేదు, చుక్కల మందుతోనే మొద్దుబారుస్తారు. మెలకువగానే ఉంటారు. కంటిపై నొక్కినట్లనిపించి, కొన్ని క్షణాలు చూపు మసకబారుతుంది. భయపడవలసిన పని లేదు. ఎదుట కనబడే వెలుగునే చూస్తూ ఉండాలి. యంత్రం టకటకమంటుంది, ఏదో కాలిన వాసన వంటిది తగులుతుంది. అది కన్ను కాలడం కాదు. రెండు కళ్ళకూ కలిపి సుమారు అరగంటలో ముగుస్తుంది.

తరువాత కొన్ని గంటలు మంట, నీరు కారడం, వెలుగును చూడలేకపోవడం సహజం. కళ్ళు మూసుకుని నిద్రపోవడమే దానికి మందు. లాసిక్ అయితే చాలామందికి మరునాటికే చూపు తేటపడుతుంది. మూత లేపకుండా పైపొరను తొలగించి చేసే పీఆర్‌కే పద్ధతిలో మొదటి మూడు నాలుగు రోజులు నొప్పి ఎక్కువ, చూపు తేటపడడానికి వారాలు పడుతుంది. ఏ పద్ధతియైనా కళ్ళు నులుమరాదు. నిద్రలో చేయి తగలకుండా ఇచ్చిన కప్పులు పెట్టుకోవాలి. కొన్ని వారాలు చెరువులోను, కాలువలోను ఈతకు దిగరాదు. ఎమ్మిగనూరు వేసవి గాలిలోను, ఆదోని జిన్నింగు మిల్లుల దుమ్ములోను రక్షణ కళ్ళద్దాలు లేకుండా తిరగరాదు. కొన్ని నెలలపాటు కళ్ళు పొడిబారడం, రాత్రివేళ దీపాల చుట్టూ వలయాలు కనబడడం జరగవచ్చు. చాలామందిలో క్రమంగా తగ్గుతాయి, కొందరిలో మిగిలిపోతాయి. రాత్రిపూట లారీ, ఆటో నడిపేవారు దీనిని ముందే ఆలోచించుకోవాలి. తీవ్రమైన నొప్పి, చూపు హఠాత్తుగా తగ్గడం, చీము కనబడితే మరునాటిదాకా ఆగరాదు. చేసిన ఆసుపత్రి దూరమైతే కర్నూలు ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికైనా వెంటనే చేరాలి. నలభై దాటాక చదవడానికి చత్వారపు అద్దాలు ఎలాగూ అవసరమవుతాయి. ఆపరేషన్ కాగితాలను భద్రపరచాలి. వృద్ధాప్యంలో శుక్లం తీసినప్పుడు సరైన కటకం లెక్కించడానికి అవి ఉపకరిస్తాయి.

ఇంటికి వచ్చిన మొదటి సాయంత్రమే ఆ అమ్మాయి తల్లి ఫోను చేసి వుజూ గురించి అడిగారు. వుజూలో కంటి లోపలికి నీరు చేరవలసిన అవసరం అసలే లేదు. ముఖంపై నీళ్ళు చిమ్ముకోకుండా, హాని లేని భాగాన్ని మెల్లగా కడిగి, వైద్యులు నీరు వద్దన్న చోట తడి చేతితో మసహ్ చేస్తే చాలు. అది కూడా హానికరమైతే ఆ చోటును వదిలివేయవచ్చు. హనఫీ ధర్మశాస్త్రం ప్రకారం దీనికోసం తయమ్ముమ్ అవసరం లేదు. గుసుల్‌లోనూ తలపై నీళ్ళు వెనుకకు పోయేలా పోసుకోవాలి. రమజానులో కంటి చుక్కలు వేసుకుంటే, గొంతులో చేదు తగిలినా, హనఫీ, షాఫియీ ధర్మవేత్తల దృష్టిలో ఉపవాసం భంగం కాదు. మాత్రలు మింగితే మాత్రం భంగమవుతుంది. సజ్దా విషయం ఎవరి వైద్యుణ్ణి వారు అడగాలి. వంగరాదని వైద్యులు చెప్పినన్నాళ్ళు కూర్చుని సైగలతో నమాజు చేయవచ్చు. రుకూ కన్నా సజ్దాకు తల కొంచెం ఎక్కువ వంచితే చాలు.

"నమాజులో లోటు చేసి కన్ను కాపాడుకోవాలా?" అని కొందరు పెద్దలు అడుగుతారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చూపు కోల్పోతున్నప్పుడు, చికిత్స కోసం కొన్ని రోజులు పడుకునే నమాజు చేయాలని చెబితే ఆయన ఆ చికిత్సను వదులుకున్నారని ఉల్లేఖనాలలో ఉన్నది. అది ఆయన ఉన్నత స్థాయి. కానీ ఇమామ్ కాసానీ 'బదాయిఉస్ సనాయి'లో ఈ విషయాన్నే చర్చిస్తూ, కంటినుండి నీరు తీసినవారిని వెల్లకిలా పడుకోమని వైద్యుడు ఆదేశిస్తే అలాగే సైగలతో నమాజు చేయవచ్చని హనఫీల అభిప్రాయంగా తెలిపారు. శరీర అవయవాల రక్షణ కూడా ధర్మంలో భాగమేనని దాని సారం.

ఒక విన్నపం. సున్నత్‌గా భావించి సుర్మా పెట్టుకునే సోదరులు, వైద్యులు అనుమతించేవరకు దానిని ఆపాలి. బజారులో దొరికే కొన్ని సుర్మాలలో సీసం ఉన్నట్లు పరీక్షలలో తేలింది. పిల్లలకు అవి ఎన్నడూ పెట్టరాదు.

వినికిడి, చూపు, హృదయం గురించి మనం ప్రశ్నించబడతామని దివ్య ఖుర్ఆన్ హెచ్చరిస్తున్నది. ఆ అమ్మాయి ఇప్పుడు మా మదరసాలో చిన్నపిల్లలకు ఖాయిదా చెబుతున్నది. కళ్ళజోడు పెట్టుకున్న ఒక పాపను ఎవరో ఎగతాళి చేస్తే, తన పాత కళ్ళజోడు తెచ్చి చూపించి ఆ పాపను ఓదార్చిందని విన్నాము.

అల్లాహ్ మన కళ్ళను రక్షించుగాక! చూపు లేనివారికి ఉత్తమమైన సహనాన్ని, చూపు ఉన్నవారికి కృతజ్ఞతను ప్రసాదించుగాక! ఆమీన్.