తుపాకీ దానంతట అది పేలదు

"గన్ మిస్‌ఫైర్, కానిస్టేబుల్ మృతి." మన పత్రికల్లో ఇలాంటి శీర్షికలు కొత్త కాదు. కింద వార్త చదివితే "శుభ్రం చేస్తుండగా పేలింది" అనో, "బండి దిగుతుండగా పేలింది" అనో ఉంటుంది. పరామర్శకు వచ్చినవాళ్లు "అతని ఆయుష్షు అంతే" అని వెళ్లిపోతారు.

అసలు మిస్‌ఫైర్ అంటే ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోవడం. పేలినదానికి పేలనిదాని పేరు పెడుతున్నాం. ఇది ఒట్టి భాషాదోషమే అయితే వదిలేయవచ్చు. కానీ "తుపాకీ పేలింది" అనే వాక్యంలో మనిషి ఉండడు. కర్త లేని చోట కర్మ వచ్చి కూర్చుంటుంది!

"శుభ్రం చేస్తుండగా" అన్నదాని వెనక చాలాసార్లు ఉండే కారణం చాలా చిన్నది. మ్యాగజైన్ ఉన్న తుపాకీని ఖాళీ చేసేటప్పుడు ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాత బోల్టు వెనక్కి లాగి ఛాంబర్‌లోని తూటాను బయటకు రప్పించాలి, ఆపైన ఛాంబర్‌ను కంటితో చూడాలి. వరస తప్పి ముందే బోల్టు లాగితే పాత తూటా బయటపడుతుంది గానీ మ్యాగజైన్‌లోంచి కొత్తది లోపలికి వెళ్తుంది. తర్వాత మ్యాగజైన్ తీసి, ఖాళీ అయిందనుకుని ట్రిగ్గర్ నొక్కుతాడు. ఇందులో శని ఎక్కడున్నాడు?

కిందపడితే పేలే పాతకాలపు ఆయుధాలు కొన్ని ఉన్న మాట నిజమే. అలాంటప్పుడు కూడా కాపాడేవి నియమాలే. అమెరికన్ మెరైన్ అధికారి జెఫ్ కూపర్ పేరుతో ప్రచారమైనవి నాలుగు: ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకో, కాల్చదలుచుకోనిదాని వైపు గొట్టం తిప్పకు, గురి పెట్టేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు, గురి ఏమిటో, దాని వెనక ఏముందో తెలుసుకో. ఒకటి తప్పినా ఇంకొకటి ప్రాణం నిలుపుతుంది.

నా ఉద్యోగమంతా రక్షణ శాఖ లెక్కల్లో గడిచింది. నేను తుపాకీ పట్టినవాణ్ణి కాను, తూటాల లెడ్జర్లు చూసినవాణ్ణి. ఫైరింగ్ అయ్యాక ఖాళీ ఖోఖాలు కూడా లెక్కపెట్టి అప్పగించాల్సిందే. అది మంచి పద్ధతి. అయితే స్టోరులో తూటాలెన్నో లెడ్జరు చెబుతుంది గానీ, ఈ క్షణాన ఛాంబర్‌లో ఒకటి ఉందో లేదో చెప్పదు. పై అధికారి ఇచ్చిన నోట్ల కట్టనైనా క్యాషియర్ మళ్లీ లెక్కపెడతాడు. అది అవమానమని ఎవరూ అనుకోరు. తుపాకీ చేతులు మారేటప్పుడు మాత్రం "నేను చూశాను, ఖాళీయే" అంటే నమ్మేస్తాం.

2021 అక్టోబరులో అమెరికాలోని న్యూమెక్సికోలో 'రస్ట్' సినిమా సెట్లో జరిగింది ఇదే. తూటా లేదని చెప్పి నటుడు అలెక్ బాల్డ్విన్‌కు ఇచ్చిన రివాల్వర్‌లో నిజమైన తూటా ఉంది. ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ చనిపోయింది. ఆయుధాల బాధ్యురాలికి 2024లో 18 నెలల శిక్ష పడింది. బాల్డ్విన్ మీది కేసును, ఆధారాలు దాచారన్న కారణంతో, అదే ఏడాది న్యాయమూర్తి కొట్టేశారు. ఎవరి నేరం ఎంత అన్నది కోర్టుల పని. చేతులు మారిన ప్రతిసారీ తెరిచి చూసి ఉంటే కోర్టుదాకా వెళ్లేదే కాదు.

దసరాకు మన ఆయుధాగారాల్లో తుపాకులకు బొట్టు పెట్టి, దండలు వేసి, గుమ్మడికాయ కొడతారు. తుడిచి వరసగా పేర్చడం మంచిదే. బొట్టు మాత్రం ఛాంబర్‌ను ఖాళీ చేయదు. ఆ భక్తిలో పదోవంతు శ్రద్ధ రోజూ డ్యూటీ దిగేటప్పుడు చూపిస్తే చాలు.

2019 సవరణతో ఆయుధాల చట్టం పెళ్లిళ్లలో గాలిలోకి కాల్చడాన్ని, నిర్లక్ష్యంగా కాల్చడాన్ని రెండేళ్లదాకా జైలు పడే నేరం చేసింది. మంచిదే. కానీ కింది ఉద్యోగిని సస్పెండ్ చేసి ఫైలు మూసేయడం కూడా విధిని తిట్టడంలాంటిదే. అతనికి చివరిసారి శిక్షణ ఎప్పుడిచ్చారు? ఎన్ని గంటలు నిద్ర లేకుండా డ్యూటీలో ఉన్నాడు? తుపాకీ ఖాళీ చేసేందుకు ఇసుక పెట్టె ఉందా? పక్కన నిలబడి చూసే రెండో మనిషి ఉన్నాడా? ఇసుక పెట్టె ఖర్చెంత, ఒక కుటుంబ పింఛను ఖర్చెంత? ఈ లెక్క వేయడానికి కామర్స్ డిగ్రీ అక్కర్లేదు.

విలేకరి మిత్రులకు ఒక్క విన్నపం. ఈసారి "మిస్‌ఫైర్" అని రాసే ముందు, తూటా ఛాంబర్‌లోకి ఎలా వచ్చిందని అధికారులను అడగండి. జవాబు రాకపోతే, రాలేదనే రాయండి.