పేరు హజ్రత్‌ది, చేయి ఎవరిదో

రంజాన్ సమీపించేకొద్దీ మన ఫోన్లకు ఒక తరహా సందేశాలు రావడం మొదలవుతుంది. పైన మస్జిద్ ఇమామ్ గారి ఫొటో ఉంటుంది, లేదా మనం ఏటా చందా పంపే మద్రసా నాజిమ్ గారి పేరు ఉంటుంది. సలాము, దుఆ పద్ధతి ప్రకారమే ఉంటాయి. ఇది నా కొత్త నంబరు, ఒక యతీమ్ బిడ్డ ఆసుపత్రిలో ఉన్నాడు, జకాత్ సొమ్ములో నుంచి పదివేలు వెంటనే పంపండి, సమావేశంలో ఉన్నాను కనుక ఫోను చేయవద్దు అన్నది సారాంశం.

వాట్సాప్‌లో కనిపించే ఫొటోను ఎవరైనా తీసి మరో నంబరుకు పెట్టుకోగలరు. పేరు రాసుకోవడం అంతకన్నా సులువు. ఈ సంగతి చాలామందికి తెలుసు, అయినా పంపుతున్నారు. హజ్రత్ గారికే ఫోను చేసి 'ఇది మీరేనా' అని అడగడం అమర్యాద అవుతుందేమోనన్న సంకోచమే ఇందుకు ముఖ్య కారణం. మన అదబ్‌నే మోసగాడు తన పెట్టుబడిగా చేసుకుంటున్నాడు.

ఈ సంకోచానికి ధర్మంలో ఆధారం ఉందా? ఒకనాడు హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) హజ్రత్ ఉమర్ (రజి) ఇంటికి వచ్చి, మూడుసార్లు అనుమతి కోరి, జవాబు రాకపోవడంతో వెనుదిరిగారు. కారణం అడిగితే, మూడుసార్లు అడిగినా అనుమతి లభించకుంటే తిరిగి వెళ్లాలని దైవప్రవక్త (స) బోధించారని చెప్పారు. దీనికి సాక్షిని తెమ్మన్నారు ఉమర్ (రజి). అబూ మూసా (రజి) కంగారుగా అన్సార్ల సభకు వెళ్లి, వారిలో చిన్నవారైన అబూ సయీద్ ఖుద్రీ (రజి)ని వెంటబెట్టుకొచ్చి సాక్ష్యం చెప్పించారు. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ ఉన్న సంఘటన ఇది. అబూ మూసా (రజి) అనామకులు కారు. స్వయంగా దైవప్రవక్త (స) యెమెన్‌కు పంపిన సహాబీ. ఆ తరువాత హజ్రత్ ఉబయ్ బిన్ కఅబ్ (రజి) ఈ కాఠిన్యాన్ని ఆక్షేపించినప్పుడు, తాను విన్నదాన్ని నిర్ధారించుకోదలిచానే తప్ప వేరేమీ లేదని ఉమర్ (రజి) బదులిచ్చినట్లు సహీహ్ ముస్లింలో ఉంది.

అక్కడ ఎదుట నిలిచిన మనిషి ఎవరో ఉమర్ (రజి)కి తెలుసు, నిర్ధారణ కావలసింది మాట ఒక్కటే. ఇక్కడ మనిషే ఎవరో మనకు తెలియదు! వార్త వస్తే విచారించుకోమనే ఆదేశం (49:6), దురనుమానాలకు దూరంగా ఉండమనే ఆదేశం (49:12) ఒకే సూరాలో ఉన్నాయి. నాజిమ్ గారి నిజాయితీని శంకించడం ఒకటి, ఆయన పేరుతో వచ్చిన సందేశం ఆయనదేనా అని చూడడం మరొకటి.

అయితే విచారణ ఎలా? సందేశం వచ్చిన నంబరుకే జవాబిచ్చి అడిగితే ఆ మోసగాడే 'అవును నేనే' అంటాడు. మన దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోను చేయాలి, లేదా నమాజు తరువాత మనిషినే కలవాలి. పాత నంబరు నుంచి వచ్చినంత మాత్రాన నమ్మడానికీ వీల్లేదు. వాట్సాప్ పంపే ఆరంకెల కోడ్‌ను ఎవరికైనా చెప్పేస్తే ఖాతాయే చేయిజారిపోతుంది. పెళ్లి శుభలేఖ అంటూ వచ్చిన ఏపీకే ఫైలు తెరిచి ఇన్‌స్టాల్ చేసినవారి ఫోనూ అలాగే పరాధీనమవుతుంది. డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ నొక్కవలసిన అవసరం ఎన్నడూ ఉండదు.

కడప, రాయచోటి ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లిన బిడ్డల తల్లులకు మరో మాట చెప్పాలి. 'అమ్మీ, పోలీసులు పట్టుకున్నారు, డబ్బు పంపు' అంటూ కొడుకు గొంతే ఏడ్చినా ఒక్క క్షణం ఆగండి. నేడు గొంతును కూడా యంత్రం అనుకరించగలదు. ఇంట్లోవారికి మాత్రమే తెలిసిన ఒక మాటను ముందే అనుకుని ఉంచుకోండి. దాన్ని ఎక్కడా రాయవద్దు, వాట్సాప్‌లో పంపవద్దు. ఆ మాట చెప్పలేని గొంతుకు రూపాయి కూడా పంపకండి.

జకాత్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ప్రతినిధి చేతికి సొమ్ము ఇచ్చినంతనే విధి నెరవేరదు, అది హక్కుదారునికి చేరాలి. విచారించి, అర్హుడేనని భావించి నేరుగా ఒకరికి ఇచ్చాక అతడు ధనవంతుడని తేలితే మళ్లీ ఇవ్వనక్కరలేదని ఇమామ్ అబూ హనీఫా, ఇమామ్ ముహమ్మద్ అన్నారు. ఇమామ్ అబూ యూసుఫ్ అభిప్రాయం వేరు. ఆ సడలింపు కూడా విచారించినవారికే. నాజిమ్ వేషంలోని దొంగకు చేరిన సొమ్ము ఏ పేదవాడి చేతిలోనూ పడలేదు. అలా పోగొట్టుకున్నవారు ముఫ్తీ గారికి వివరమంతా చెప్పి అడగడం మంచిది.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోను చేయాలి, బ్యాంకుకూ తెలపాలి. సొమ్ము ఖాతాల నుంచి ఖాతాలకు మారకముందే ఆపగలిగే అవకాశం తొలి గంటల్లోనే ఎక్కువ. ఆ గంటలే చాలా ఇళ్లలో మౌనంగా గడిచిపోతాయి. కొడుకు ఏమంటాడో, కోడలు నవ్వుతుందేమోనని పెద్దవారు దాచుకుంటారు. వారిని అలా దాచుకునేటట్లు చేసిన మాటలు ఇదివరకు ఆ ఇంట్లో ఎవరు అన్నారో ఆ ఇంటివారికే తెలుసు.

మస్జిద్, మద్రసా బాధ్యులు కూడా చందా ఖాతా వివరాలను రసీదు పుస్తకంపై అచ్చు వేయించి, నోటీసు బోర్డుపై పెట్టాలి. జుమా నాడు ఇమామ్ గారు మింబర్ దిగేముందు ఒక్క మాట చెప్పినా చాలు: నా పేరుతో డబ్బు అడిగితే నాకు ఫోను చేయండి, అర్ధరాత్రయినా సరే.