సంఘమును విడిచినవారు దైవమును విడిచినవారా?

తాను పుట్టి పెరిగిన మతసంఘమును ఒక మనుష్యుడు విడిచి వచ్చెనన్న మాట చెవిని బడినంతనే లోకము రెండు తీర్పులను సిద్ధము చేసికొనును. లోపలివారు ‘వీడు దైవద్రోహి’ యందురు. వెలుపలివారు ‘ఆ మతము సంగతి మేము ముందే యెరుగుదుము’ అని చప్పట్లు చరతురు. ఆ మనుష్యునకు లోపల నేమి జరిగినదని విచారించువారు మాత్రము అరుదు. ఈ రెండు తీర్పులును అన్యాయములని మా యభిప్రాయము. ఇందుకు ఐర్లండు దేశపు చరిత్ర మంచి నిదర్శనము.

ఐర్లండు మనకు బొత్తిగా పరాయిది కాదు. 1916లో హోమ్‌రూలు నినాదమును మనము ఆ దేశమునుండియే తెచ్చుకొంటిమి. కార్కు నగరాధ్యక్షుడు టెరెన్సు మాక్‌స్వినీ 1920లో ఆంగ్లేయుల చెఱలో 74 దినముల నిరాహారదీక్షానంతరము ప్రాణములు విడిచినప్పుడు మన దేశభక్తులు కన్నీరు కార్చిరి. 1919లో మదనపల్లెలో రవీంద్రుని జనగణమనకు స్వరలిపి కూర్చిన మార్గరెట్ కజిన్సమ్మ ఐరిషు వనితయే. అంతటి త్యాగముతో స్వాతంత్ర్యము సంపాదించిన దేశము, సంపాదించిన పిమ్మట తన నిరుపేద బిడ్డలను ఎవరి చేతులలో బెట్టినదో మన పాఠకులు తెలిసికొనుట యవసరము.

1922లో పరప్రభుత్వము తొలగిన చోట రోమన్ కాథలిక్ సంఘము మఱింత బలముగా కూర్చుండెను. 1937 నాటి రాజ్యాంగము ఆ సంఘమునకు ‘ప్రత్యేక స్థానము’ నొసగెను. 1972లో ప్రజలు వోటు వేసి గాని ఆ వాక్యమును తొలగింపలేదు. పాఠశాలలు, ఆసుపత్రులు, అనాథశరణాలయములు చాలవఱకు మఠవాసుల యాజమాన్యమున నుండెను. వారు చేసిన సేవను కాదనుట న్యాయము గాదు. పేదదేశములో ఎందఱికో అక్షరము నేర్పినవారు వారే. కాని ఎవరును ప్రశ్నింపని సేవకుడు యజమానుడగుటకు ఎంతోకాలము పట్టదు.

బీదతనముచేతనో, తల్లికి పెండ్లి కాకపోవుటచేతనో, బడికి పోకుండుటచేతనో న్యాయస్థానములు వేలకొలది పిల్లలను ‘పారిశ్రామిక పాఠశాల’లను పేరుగల మఠగృహములకు పంపుచుండెను. అక్కడ జరిగినదానిని న్యాయమూర్తి రయన్ అధ్యక్షతను విచారించిన సంఘము 2009 మే 20వ తేదీన అయిదు సంపుటముల నివేదికగా వెల్లడించినది. వేయిమందికి పైగా బాధితులు సాక్ష్యమిచ్చిరి. కొట్టుట అక్కడి నిత్యవిధి. మగపిల్లల గృహములలో లైంగిక అత్యాచారము వేళ్లూనిన వ్యాధి. తనిఖీ చేయవలసిన విద్యాశాఖ మఠముల యెదుట తల వంచుకొని నిలుచుండెను. స్త్రీల సంగతియు నట్టిదే. మగ్దలీన గృహములని పిలువబడిన చాకిరేవు శాలలలో 1922 మొదలు 1996 వఱకు సుమారు 10,000 మంది స్త్రీలు కూలి లేని చాకిరి చేసిరి. ప్రధానమంత్రి ఎండా కెన్నీ 2013 ఫిబ్రవరి 19వ తేదీన శాసనసభలో రాజ్యము పక్షమున వారిని క్షమాపణ వేడెను.

దెబ్బకు మందు కలదు. దోచుకొన్న కూలికి పరిహారము కలదు. ఈ పీడనములో మందునకు లొంగని భాగమొకటి కలదు. కొట్టిన చేయియే మరునాడు ఉదయము ఆశీర్వదించును. చెడుచేసినవాడే పాపసంకీర్తనము వినుటకు కూర్చుండును. నీ యేడ్పు పాపము, నీ సందేహము పాపము, మమ్ము ఎదిరించుట దైవమును ఎదిరించుట అని పసివాని చెవిలో పోసినప్పుడు వాని మనస్సాక్షియే వానికి కాపలాభటుడగును. బంట్రోతు కొట్టినచో దొరతో మొఱ పెట్టుకొనవచ్చును; దొర కొట్టినచో దైవముతో మొఱ పెట్టుకొనవచ్చును. దైవము పేరనే కొట్టినచో ఎవరితో మొఱ పెట్టుకొనవలయును? దీనినే మేము ఆధ్యాత్మిక పీడన మనుచున్నాము. మనుష్యునికి కడపటి దిక్కును గూడ దోచుకొనుట యిది.

ఇట్టివాడు బయటికి పోదమన్నను ద్వారము సులభముగా దొరకదు. 1983 నాటి కాథలిక్ ధర్మసంహితలో, వివాహ ప్రకరణమున, ‘విధిపూర్వకముగా సంఘమును విడుచుట’ అను మాట యుండెను. దాని నాధారముగా గొని పలువురు ఐరిషువారు తమ జ్ఞానస్నానపు పుస్తకములో తాము విడిచిపోయినట్లు వ్రాయించుకొనుచుండిరి. రయన్ నివేదిక వెలువడిన 2009 సంవత్సరముననే, అక్టోబరు నెలలో, పోపు పదునాఱవ బెనెడిక్టు ఆ మాటను సంహితనుండి తొలగించెను. వేఱు కారణములు చెప్పిరి గాని, విడువగోరినవారికి పుస్తకములో చోటు లేకపోయినది. ఇక దేశములోని ప్రాథమిక పాఠశాలలలో నూటికి దాదాపు 90 కాథలిక్ యాజమాన్యమువి. బడిలో చోటు చాలనప్పుడు జ్ఞానస్నానము పొందిన బిడ్డకే ముందు వరుస. 2018లో శాసనము వచ్చి ఈ పద్ధతిని మాన్పువఱకు, విశ్వాసము పోయిన తండ్రియు బిడ్డ చదువుకొఱకు గుడిమెట్లెక్కవలసి వచ్చెను. వెళ్లుటకు వీలులేని చోట ఉండుటను భక్తి యని యెట్లు పిలువగలము?

విడిచినవారు దైవమును విడిచిరా యన్న ప్రశ్నకు గాయని షినేడ్ ఓ కానర్ జీవితము కొంత సమాధానము చెప్పును. బాల్యమున ఇంట దెబ్బలు తిని, పిదప కొంతకాలము డబ్లినులో మఠకన్యలు నడపిన దిద్దుబాటు గృహములో నుండిన స్త్రీ ఆమె. 1992 అక్టోబరు 3వ తేదీన న్యూయార్కు దూరదర్శన కార్యక్రమములో, పిల్లలపై సాగు అత్యాచారములకు నిరసనగా, పోపు చిత్రపటమును చించివేసెను. లోకము ఆమెను పిచ్చిదన్నది. రెండు వారములలో అదే నగరపు సభలో జనము కేకలువేసి అవమానించిరి. పదునేడేండ్లకు వచ్చిన నివేదికలు ఆమె యార్తనాదము ఉత్తది కాదని తేల్చినవి. ఆమె మాత్రము దైవాన్వేషణమును మానలేదు. 1999లో రోమునకు లోబడని యొక చిన్న శాఖలో గురుపట్టమును పొందినది. 2018లో ఇస్లామును స్వీకరించినది. 2023లో ఆమె మరణించినప్పుడు బ్రే పట్టణపు వీధులలో వేలకొలది జనము నిలిచి సాగనంపిరి. సంఘమునుండి పాఱిపోయినదానిని దైవమునుండి పాఱిపోయినదనుట ఎంత తొందరపాటో చూడుడు.

గాయపడినవారు కోలుకొనుటకు ఏమి కావలయును? మొదట, వారి మాటను నమ్మవలయును. ఐరిషు ప్రభుత్వము తొలి క్షమాపణ చెప్పినది 1999లో. అప్పటికి ఎందఱో నోరు విప్పకయే కన్నుమూసిరి. రెండవది, ‘క్షమింపుము’ అని వారిని తొందరపెట్టరాదు. క్షమ బాధితుని సొత్తు. దానిని బలవంతముగా రాబట్టుట పాత కొరడాకు క్రొత్త పిడి వేయుటయే. మూడవది, తప్పుచేసినవారు వెల చెల్లింపవలయును. 2002లో ఐరిషు మఠములు 12 కోట్ల 80 లక్షల యూరోలిత్తుమని యొడంబడిక చేసికొని తప్పుకొనినవి. మొత్తము వ్యయము దాదాపు 150 కోట్లయినది. మిగిలిన భారము చాలవఱకు పన్ను చెల్లించు సామాన్యునిపై బడినది. పశ్చాత్తాపమును బోధించువారికి ఇది తగునా? నాలుగవది, ఒక దొడ్డి దాటి వచ్చినవానిని మఱియొక దొడ్డిలోనికి తోలరాదు. పోగొట్టుకొన్న తన బుద్ధిని తాను తిరిగి పొందుటకు వానికి కాలమిచ్చి ఊరకుండుటయు ఉపకారమే.

ఈ చరిత్ర విని మన హిందూ పాఠకులు కొందఱు లోలోపల సంతోషింపవచ్చును. వారికి మా మనవి యిది. మన గుళ్లలోనికి రానీయని మాలమాదిగలకు పలక చేతికిచ్చి, మనుష్యుడని పిలిచినవారిలో క్రైస్తవ మిషనులవారు ముందుండిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరములో తొలి వితంతు వివాహము జరిపించిన వీరేశలింగము పంతులుగారిని వెలివేసినవారు పరదేశీయులు కారు. 2017లోను, 2018లోను మన న్యాయస్థానములు అత్యాచార నేరమునకై శిక్షించిన ఇద్దరు ప్రసిద్ధ బాబాల పాదములకు లక్షలాది జనము మ్రొక్కియుండిరి; తీర్పు నాడు బాధితురాండ్రను వదలి గురువుకొఱకు ఏడ్చినవారును కలరు. వ్యాధి ఒక మతమునది కాదు. అడుగరాని అధికారము ఎక్కడ కూర్చుండునో అక్కడ నది పుట్టును.

పిల్లలపై అత్యాచారము తెలిసినవాడెవడైనను అధికారులకు తెలుపవలయునని మన దేశమున 2012 నాటి శాసనము విధించుచున్నది. కాషాయమునకు గాని, తెల్లని అంగీకి గాని, టోపీకి గాని అందు మినహాయింపు లేదు. మఠములు, చర్చీలు, మదరసాలు, ఆశ్రమములు తమ పద్దులను, తమ పిల్లల వసతిగృహములను తనిఖీకి తెఱచి యుంచవలయును. గ్రామపెద్దలు, పట్టణ ప్రముఖులు ధర్మకర్తలుగా కూర్చుండుచున్నారు. గౌరవముతోబాటు ఆ బాధ్యతయు వారిదే.

అంతఃకరణ స్వాతంత్ర్యమును మన రాజ్యాంగము 25వ అధికరణమున ప్రసాదించినది. అందు లోపలికి వచ్చు హక్కెంతయో బయటికి పోవు హక్కును అంతయే. మీ వాకిట నెవడైన మతసంఘమును విడిచి వచ్చి నిలిచినచో, ‘నీవు ఎవరి పక్షము?’ అని యడుగకుడు. కూర్చుండుమని చెప్పుడు. దాహమిచ్చి, చెప్పినంత వినుడు.